ఓడ కూత, చోక్ మోత, ముప్పై గొంతులు

జూన్, రెండో వారం

ఈసారి వార్షికోత్సవంలో మా కోయిర్ పాడబోయేది ఎప్పటిలాంటి స్వాగతగీతం కాదని ప్రిన్సిపాల్ గారికి ముందే చెప్పేశాను. ముప్పై మంది పిల్లలు, నాలుగు స్పీకర్లు, విశాఖపట్నం చప్పుళ్లు: సరంజామా ఇంతే. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఈ ఊరు ఎలా ఉంటుందో తొమ్మిది నిమిషాల్లో వినిపించాలి. “హార్మోనియం ఉంటుందా మాస్టారూ?” అని అడిగారాయన. ఉండదన్నాను. కాసేపు ఆలోచించి, “జాతీయగీతం మాత్రం మామూలుగానే పాడించండి” అంటూ కాగితం మీద సంతకం పెట్టారు.

ఈ ఆలోచనకు మూలం మిలాన్‌లో ఉంది. 1950ల మధ్యలో బ్రూనో మదెర్నా, లుచానో బెరియో అనే ఇద్దరు యువకులు ఇటలీ రేడియో సంస్థ కోసం ‘రిత్రాత్తో ది చిత్తా’ అనే కార్యక్రమం చేశారు. నగర చిత్రం అన్నమాట. మాటలు రోబెర్తో లేయిదీవి. మిలాన్ నగరం పొద్దున లేచి, పనికి వెళ్లి, రాత్రికి సద్దుమణగడం అందులో ఉంటుంది. అసలు చప్పుళ్లు, విద్యుత్ పరికరాలతో పుట్టించిన చప్పుళ్లు కలగలిపి అల్లారు. ఇలాంటి పనికి ఒక స్టూడియో అవసరమని సంస్థ పెద్దలను ఒప్పించడానికి అది పనికొచ్చింది. 1955లో మిలాన్ రేడియో భవనంలో ‘స్తూదియో ది ఫొనొలొజియా’ మొదలైంది.

బెరియో పేరు చాలామందికి తెలుసు. నాకు మాత్రం మదెర్నా మీదే గురి. 1920లో వెనిస్‌లో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే ఆర్కెస్ట్రాల ముందు నిలబడ్డాడు. పెద్దయ్యాక హెర్మన్ షెర్షెన్ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నాడు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ వేసవి కోర్సుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు, 1973లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఒకరోజు ఆర్కెస్ట్రా ముందు బెత్తం పట్టుకోవడం, మరునాడు విద్యార్థులకు పాఠం చెప్పడం, ఆ రాత్రి స్టూడియోలో మీటలు తిప్పుతూ కూర్చోవడం: ఈ మూడూ ఒకే మనిషి పనులు. రేడియోలు, స్టూడియోలు లేని నా బోటి స్కూలు మాస్టారుకు కూడా ఆ మూడూ ఒకటేనని ధైర్యం ఇచ్చిన మనిషి ఆయనే.

జూన్, చివరి వారం

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో కాకుల గోల తప్ప రికార్డు చేసుకోవడానికి ఏమీ ఉండదు. నిషేధం ఎత్తేశాక బోట్లు తిరిగి రావడం మొదలుపెట్టాయని తెలిసి, చేతి రికార్డరు, మైకుకు బొచ్చు తొడుగు పట్టుకుని తెల్లవారకముందే వెళ్లాను. తొడుగు లేకపోతే సముద్రపు గాలి మైకును తినేస్తుంది. తర్వాత ఎంత శుభ్రం చేసినా ఆ బరబర పోదు.

వేలం పాట నేను అనుకున్నదానికంటే సంగీతానికి దగ్గరగా ఉంది. పాట పాడే ఆయన అంకె మొదలుపెట్టేది ఒకే స్వరం మీద. అంకె పూర్తయ్యేసరికి గొంతు షడ్జం నుంచి మధ్యమానికి ఎగబాకుతుంది. ఎవరైనా రేటు పెంచితే మళ్లీ కింది నుంచే ఎత్తుకుంటాడు. కొట్టేసేటప్పుడు మాత్రం పైన ఆగకుండా దిగి వస్తాడు. వింటున్నవాళ్లకు అంకె వినబడకపోయినా బేరం తెగిందని తెలిసిపోతుంది. ఈ ఒక్క నడక చాలు, పిల్లలకు మొదటి భాగం రాయడానికి. మాటలు కూడా అక్కడివే: చందువ, వంజరం, కానాగంత, కవ్వలు, రొయ్య. వీటికి కవిత్వం తగిలించే ఉద్దేశం నాకు లేదు.

ఇంకా దొరికినవి: ఐసు ముక్కలు చేసే యంత్రం, ప్లాస్టిక్ ట్రేలు సిమెంటు మీద ఈడ్చే చప్పుడు, డీజిలు ఇంజను చల్లారుతూ ఆగిపోవడం. రేవు వైపు నుంచి ఒక పెద్ద ఓడ రెండుసార్లు కూసింది. అప్పటికి అది లెక్కలో లేదు, అనుకోకుండా దొరికింది. మొత్తం ప్రాజెక్టును అదే లాక్కుపోయింది.

జూలై

ఈ నెలంతా వరండాలోనే. కంప్యూటర్ ముందు ముప్పై మందిని కూర్చోబెట్టి కత్తిరింపులు నేర్పడం అయ్యే పని కాదు. అందుకే మిలాన్ వాళ్ల టేపు లెక్క చెప్పాను. ఆ రోజుల్లో టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో తిరిగేది. అంటే ఒక సెకను చప్పుడు కావాలంటే 38 సెంటీమీటర్ల టేపు కొలుచుకుని బ్లేడుతో కోసి అతికించాలి. పావు సెకను అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. కాలాన్ని స్కేలుతో కొలవడం పిల్లలకు తెగ నచ్చింది. మా తొమ్మిది నిమిషాలకు ఎంత టేపు కావాలో లెక్క వేయమన్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నోటితోనే 205 మీటర్లు అన్నాడు. సరిగ్గానే చెప్పాడు.

అంత పొడవు మా స్కూల్లో లేదు. సెకనుకు రెండు సెంటీమీటర్ల చొప్పున కుదించి, దాదాపు పదకొండు మీటర్ల తెల్ల కాగితం వరండా పొడవునా పరిచాం. రంగు కాగితాల ముక్కలు చప్పుళ్లు. నీలం ఓడ, ఎరుపు వేలం పాట, ముదురు గోధుమరంగు కిరండూల్ లైనులో వెళ్లే గూడ్సు బండి, పసుపు పిల్లల గొంతులు. ఎవరి ముక్క వాళ్లు తెచ్చి ఎక్కడ పెట్టాలో వాదించుకున్నారు. “రైలు మధ్యాహ్నం వెళ్లదు సార్, మా ఇంటి వెనకే, నాకు తెలుసు” అని ఒక పిల్ల గోధుమరంగు ముక్కను రాత్రిలోకి జరిపేసింది. నా రాతలో అది మధ్యాహ్నంలో ఉంది. ఆ పిల్ల మాటే నెగ్గింది.

తర్వాత నేను కాగితం పక్కన మెల్లగా నడిచాను. నా పాదం ఏ రంగు దగ్గర ఉంటే వాళ్లు ఆ చప్పుడు నోటితో చేయాలి. నేను ఆగితే ఆగాలి, వెనక్కి నడిస్తే వెనక్కి రావాలి. కండక్టింగ్ అంటే ఇంతకంటే వేరే పాఠం నేనెప్పుడూ చెప్పలేదేమో. చేతులు ఊపడం తర్వాత వస్తుంది. ముందు, ఎదుటివాడు ఎక్కడున్నాడో చూసి దాన్నిబట్టి ఊపిరి తీసుకోవడం రావాలి.

స్వరలిపి సంగతి. కోయిర్‌లో సగం మంది చర్చి పాటల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు డో రే మీ అక్షరాలతో రాసే సోల్ఫా వచ్చు, నాలుగు గొంతుల పొందిక చెవికి అలవాటు. మిగతా సగం సాయంత్రాలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవాళ్లు. వాళ్లు శ్రుతి బాగా పట్టుకుంటారు గానీ, పక్కవాడు వేరే స్వరం పాడితే కంగారుపడతారు. సరిగమల్లోనే రాసి, పైన సెకన్ల గీత గీశాను. ఇద్దరూ వారం తిరగకుండా అలవాటు పడ్డారు.

ఆగస్టు

ఓడ కూతను కంప్యూటర్‌లో పెట్టి చూస్తే కింది స్వరం 101 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 101 అదురుల దగ్గర, ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లోనే ఓడ పొడవును బట్టి కూత శ్రుతి ఇంత ఉండాలని ఉంది. 200 మీటర్లు దాటిన ఓడలది 70 నుంచి 200 హెర్ట్జ్, 75 నుంచి 200 మీటర్ల ఓడలది 130 నుంచి 350, అంతకంటే చిన్నవాటిది 250 నుంచి 700. పొగమంచులో కంటికి కనిపించని ఓడ ఎంత పెద్దదో చెవికి తెలియాలని ఈ ఏర్పాటు. మాకు దొరికింది పెద్ద ఓడే.

101కి పై స్థాయి 202. అది ఐదు శ్రుతికీ ఐదున్నరకీ దాదాపు మధ్యన పడుతుంది. కీబోర్డు మీద అలాంటి మెట్టు లేదు. రెండే దారులు. ఒకటి, ఓడను మూడు శాతం నెమ్మదించి ఐదు శ్రుతికి దించడం. చేసి చూశాను, కూత సాగి, అంచు మొద్దుబారింది. నిడివి మారకుండా శ్రుతి మాత్రమే దించే సాఫ్ట్‌వేర్ పద్ధతితో చేస్తే ఓడ నీళ్లలోంచి కూసినట్టు ఉంది. రెండో దారి, పిల్లలనే ఓడ శ్రుతికి తేవడం. కీబోర్డును బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు మా షడ్జం 202. కీబోర్డు వాయించే మా సహోద్యోగి రెండు రోజులు మాట్లాడలేదు.

శ్రుతి ఇవ్వడానికి ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆసిలేటరు, అంటే ఒకే స్వరాన్ని ఆపకుండా పుట్టించేది, పెట్టాను. శుద్ధమైన సైన్ తరంగం, 202 హెర్ట్జ్. పిల్లలు దాని మీద షడ్జం పట్టలేకపోయారు. కొందరు కింద, కొందరు పైన, ఎవరికీ తాము తప్పినట్టు తెలియదు. సైన్ తరంగంలో పై స్వరాలు ఉండవు. చెవి పట్టుకోవడానికి అంచు లేని నునుపైన చప్పుడు అది. తంబూరలో మీటిన తీగ కింద మెట్టు మీద చిన్న దారం పెట్టి జీవా తెస్తారు కదా, ఆ దారం చేసే పనంతా పై స్వరాలను నిద్రలేపడమే. సరే, 202తో పాటు 404, 606, 808, 1010, ఇలా పైకి ఒక్కొక్కటే తక్కువ బలంతో కలిపాను. గదిలో గొంతులు దగ్గరకు వచ్చాయి.

ఆ రోజు క్లాసులో ఎక్కువసేపు అంతర గాంధారం దగ్గరే గడిచింది. మా షడ్జానికి సరైన గాంధారం 252.5. కీబోర్డు లెక్క ప్రకారమైతే 254.5. తేడా రెండే హెర్ట్జ్. కానీ షడ్జానికి అయిదు రెట్లుండే పై స్వరం 1010. 252.5కు నాలుగు రెట్లుండే పై స్వరం కూడా 1010, అతుకు కనబడదు. 254.5ది మాత్రం 1018. ఆ రెండూ కొట్టుకుని సెకనుకు ఎనిమిది సార్లు గరగరలాడతాయి. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలు అని చదివేది ఇదే. తొమ్మిదో తరగతి అమ్మాయిని ముందు నిలబెట్టి, కళ్లు మూసుకుని గాంధారం పాడుతూ నెమ్మదిగా కిందికి జారమన్నాను. మిగతావాళ్లు ఆ గరగరకు చేత్తో తాళం వేయాలి. తాళం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఒకచోట చేతులన్నీ గాలిలో ఆగిపోయాయి. కళ్లు తెరిచి “ఆగిపోయిందేమిటి సార్?” అందా పిల్ల. శ్రుతి కలిసిందని నేను విడిగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

సెప్టెంబరు

రాత కుదిరింది. ఇప్పుడు అసలు పేచీ: స్పీకర్లలోంచి వచ్చే చప్పుడు ఎవరి కోసమూ ఆగదు. పిల్లలు ఊపిరి తీసుకోవడానికి అర సెకను ఎక్కువ పట్టిందంటే వేలం పాట వాళ్లను వదిలేసి వెళ్లిపోతుంది. నా పాత విద్యార్థి ఒకడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, కంప్యూటర్ పని అతనిదే. “అందరి చెవుల్లో క్లిక్ పెట్టేద్దాం మాస్టారూ, గొడవే ఉండదు” అన్నాడు. క్లిక్ అంటే ఇయర్‌ఫోన్‌లో తాళం లెక్కపెట్టే టిక్‌టిక్. సినిమా రికార్డింగుల్లో జరిగేది అదే, తప్పేమీ లేదు. కానీ చెవిలో గడియారం పెట్టుకున్న కోయిర్‌కు ముందు నిలబడి నేనేం చేయాలి? పిల్లలు ఒకరినొకరు వినడం ఆ క్షణం నుంచే మానేస్తారు.

మదెర్నా 1952లోనే ఈ పేచీలోకి దిగాడు. ‘మూజికా సు దూయె దిమెన్సియోని’, అంటే రెండు పరిమాణాల మీద సంగీతం. ఫ్లూటు వాయించే మనిషి ఒకవైపు, టేపు మరోవైపు. మనిషినీ టేపునూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టిన తొలి రచనల్లో అదొకటి. డార్మ్‌స్టాట్‌లో ఫ్లూటు వాయించింది సెవెరీనో గజ్జెల్లోని. 1958లో అదే పేరుతో మళ్లీ కొత్తగా రాశాడు. ఆ రెండో రూపంలో టేపు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కనూ ఆ క్షణాన్ని బట్టి మొదలుపెట్టే వీలుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే పొడుగు టేపు నడిపేస్తే వాద్యకారుడు దానికి బందీ. ముక్కలు చేస్తే ఇద్దరి మధ్య సంభాషణ.

మేమూ కోసేశాం. తొమ్మిది నిమిషాల చప్పుళ్లు ఇప్పుడు ఇరవై మూడు ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక అంకె. చిన్న మీటల పెట్టె ఒకటి కంప్యూటర్‌కు తగిలించాం. ఒక మీట ముక్కను మొదలుపెడుతుంది, జారుడు మీటలు బలాన్ని చూసుకుంటాయి. వాటి దగ్గర కూర్చునే మనిషి కావాలి. ఇంజినీరు కుర్రాడు తనే కూర్చుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అతనికి పాట రాదు. కోయిర్‌లో రెండో గొంతు పాడే తొమ్మిదో తరగతి అమ్మాయిని కూర్చోబెట్టాను, గాంధారం పట్టిన పిల్లే. ఆమెకు రాతలో ప్రత్యేకంగా ఒక వరుస గీశాను. ఎక్కడ ఊపిరి తీయాలో కూడా రాశాను. “నేను పాడను కదా సార్, ఊపిరి ఎందుకు?” అంది. ఊపిరి తీసి మీట నొక్కితే చప్పుడు గొంతులతో పాటు వస్తుంది. తీయకుండా నొక్కితే వెంట్రుకవాసి ముందు వస్తుంది. రెండూ చేసి చూపించమన్నాను. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పేశారు.

మిలాన్ స్టూడియోలో తొమ్మిది ఆసిలేటర్లు ఉండేవి. అక్కడి రచనలకు గొంతునిచ్చిన గాయని కేథీ బెర్బేరియన్‌ను పదో ఆసిలేటరు అనేవారు. మా లెక్క తిరగబడింది. ఇక్కడ యంత్రం దగ్గర కూర్చున్న పిల్ల ముప్పయ్యో గొంతు.

ఆ పిల్ల తల్లిదండ్రులు ఒక సాయంత్రం వచ్చి, ఈ విదేశీ గోల మనకెందుకన్నట్టు మాట్లాడారు. మర్యాదగానే అడిగారు. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి, నడిపించిన సంగతి చెప్పాను. 1969లోనే అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరు అనే, విద్యుత్తుతో స్వరాలు పుట్టించే యంత్రాన్ని ఏర్పాటు చేశాడని, గీతా సారాభాయ్ లాంటి మనవాళ్లు దాని మీద పనిచేశారని కూడా చెప్పాను. వాళ్లకు రెండో మాట కంటే మొదటిదే నచ్చింది. పిల్ల మీటల దగ్గరే ఉంది, అది చాలు.

అక్టోబరు

వానలు. సెలవులు. రిహార్సల్ సరిగ్గా సాగలేదు. అయినా ఈ నెలలోనే ఈ రచనకు నడుము దొరికింది.

సంగీతం గదిలో పాత ట్యూబులైటు ఒకటి ఉంది, ఇనుప చోక్ ఉన్నది. అది వెలిగినంతసేపూ జుంయ్‌మని మోగుతుంది. మార్పించాలని అర్జీ పెట్టి చాలాకాలమైంది. ఒక సాయంత్రం ఆ లైటు కిందే ఓడ కూతను సన్నగా వాయిస్తుంటే కూత సెకనుకోసారి ఉబ్బి తగ్గుతోంది. రికార్డింగులో అలాంటిదేమీ లేదు. లైటు ఆపితే ఉబ్బు పోయింది, వేస్తే వచ్చింది.

లెక్క చిన్నదే. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు. చోక్‌లోని ఇనుప రేకులు ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు బిగిసి వదులవుతాయి. కాబట్టి మోత 100 హెర్ట్జ్. ఓడ 101. రెండూ కలిస్తే సెకనుకు ఒక ఊపు. ఇంతకంటే బాగున్న విషయం ఇంకొకటి ఉంది. గ్రిడ్డులో కరెంటు ఎప్పుడూ కచ్చితంగా 50 మీద నిలవదు. నిబంధనల ప్రకారం 49.90కి, 50.05కి మధ్య ఉండాలి. అంటే చోక్ మోత 99.8 నుంచి 100.1 వరకు కదులుతుంది. మా ఊపు నిమిషానికి 54 నుంచి 72 దాకా, ఊళ్లో ఎవరు మోటారు వేశారో ఎవరు ఆపారో దాన్ని బట్టి మారుతూ ఉంటుంది. క్లిక్ వద్దన్న నాకు కావలసిన తాళం ఇదే. గడియారంలా బిగుసుకుపోదు, అలాగని నా చేతిలోనూ ఉండదు.

రాత్రి భాగం మొత్తం చింపేసి మళ్లీ రాశాను. ముందు చోక్ ఒక్కటే మోగుతుంది. దూరంగా ఓడ వస్తుంది. ఊపు పుడుతుంది. ఆ ఊపునే లయగా తీసుకుని పిల్లలు గుసగుసగా మొదలవుతారు.

చోక్ రికార్డింగు వాడితే అర్థం లేదు. ఆ రోజు కరెంటు ఆ రోజే మోగాలి. స్కూలు ఎలక్ట్రీషియన్ గారు ఒక చెక్క పెట్టెలో చోక్, స్టార్టరు, రెండడుగుల ట్యూబు బిగించి, మూత వేసి, ఎర్తింగు ఇచ్చి తెచ్చారు. 230 వోల్టుల వ్యవహారం కాబట్టి పెట్టె తెరిచే పని ఆయనది తప్ప ఇంకెవరిదీ కాదని గోడ మీద రాసి అంటించాను. పెట్టె బయటి వైపు, చోక్ బిగించిన చోటుకి ఎదురుగా, పీజో బిళ్ల అంటించాం. రూపాయి నాణెం కంటే కొంచెం పెద్దది, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చాలా చవక. చెక్క అదురును అది నేరుగా పట్టుకుంటుంది, గదిలో ఎవరు దగ్గినా పట్టించుకోదు. మొదట్లో రేకు డబ్బా గొంతు వచ్చింది. బిళ్ల మీద చిన్న నాప బండ ముక్క పెట్టి అదిమితే కింది స్వరం దిగింది.

ఒక చిక్కు మిగిలింది. చోక్ మోతలో 200 కూడా ఉంటుంది. పిల్లల షడ్జం 202. మోత గట్టిగా ఉంటే వాళ్లు తెలియకుండానే దానివైపు జారిపోతున్నారు. శ్రుతి బాగా పట్టే పిల్లలే ముందు జారుతున్నారు.

నవంబరు

హాలుకు మారాం. పొడవు ఇరవై మీటర్లకు పైనే. చప్పుడు సెకనుకు 343 మీటర్లు నడుస్తుంది, మీటరుకు దాదాపు మూడు మిల్లీసెకన్లు. వెనక గోడ దగ్గరి స్పీకరు నుంచి వేదిక దాకా రావడానికి 60 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఆలస్యం చేస్తోందని కుర్రాడు సెట్టింగులన్నీ మార్చేశాడు. తీరా చూస్తే కంప్యూటర్ చేసే ఆలస్యం రెండు మీటర్ల గాలి చేసేదానికంటే తక్కువ. వెనక స్పీకర్లకు లయ లేని చప్పుళ్లు మాత్రమే ఇచ్చాం: సముద్రం, గూడ్సు బండి, ఇంజన్లు. వేలం పాట పిల్లల వెనకే చిన్న స్పీకర్లలోంచి వస్తుంది.

షడ్జం జారుడుకు మందు ఆ జారుడే అయింది. కోయిర్‌ను రెండుగా చీల్చాను. కుడివైపు జట్టు ఓడ స్పీకరు పక్కన నిలబడి 202 పట్టుకుంటుంది. ఎడమవైపు జట్టు చోక్ స్పీకరు పక్కన 200కే జారిపోవాలి, ఎటూ జారుతున్నారు కదా. మధ్యలో కూర్చున్నవాళ్లకు మనుషుల గొంతుల్లోనే సెకనుకు రెండు ఊపులు వినబడాలి. కాగితం మీద అద్భుతం. హాల్లో పదిహేను మంది పిల్లలు ఒకే స్వరాన్ని అంత సన్నగా నిలబెట్టలేరు, ఊపు చెదిరిపోయి మెరుపు లాంటిదేదో మిగులుతోంది. జట్టుకు ముగ్గురిని మాత్రమే ఉంచి, కంపన లేకుండా ‘ఊ’ మీద పట్టమన్నాను. అప్పుడు కొన్ని సెకన్ల పాటు నిజంగా వినబడింది. ఆ కొన్ని సెకన్ల కోసం మిగతా ఇరవై ముగ్గురూ నోరు మూసుకుని ఉండటం నాకు సబబుగానే తోస్తోంది. వాళ్లకు తోచడం లేదు.

1961లో వెనిస్‌లో లుయీజీ నోనో ఒపేరా ‘ఇన్‌తొల్లెరాన్‌జా 1960’ తొలి ప్రదర్శనకు మదెర్నా కండక్టరు. టేపూ ఉంది, ఆర్కెస్ట్రా ఉంది, గిట్టనివాళ్లు హాల్లో ఈలలు, కేకలతో గొడవ చేశారు. అయినా ప్రదర్శన నడిపించాడు. మా హాల్లో ఎదురైంది అంత ఘనమైనది కాదు: రాత్రి భాగం మధ్యలో కరెంటు పోయింది.

కంప్యూటర్‌కు, స్పీకర్లకు యూపీఎస్ ఉంది కాబట్టి ఓడ కూస్తూనే ఉంది. చోక్ ఆగిపోయింది. ఊపు పోయింది. పిల్లలు నావైపు చూశారు, నేను చేయి నిలబెట్టి ఉంచాను, ఎవరూ తగ్గలేదు. అర నిమిషంలో స్కూలు జనరేటర్ అందుకుంది. ట్యూబు రెండుసార్లు రెప్పకొట్టి వెలిగింది, చోక్ మళ్లీ మోగింది. ఊపు మాత్రం సెకనుకు మూడు. పెద్దగా లోడు లేనప్పుడు మా డీజిలు జనరేటర్ 52 దగ్గర తిరుగుతుంది. అంటే మోత 104, ఓడ 101. నేను మూడింటికి ఒక దెబ్బగా చేయి మార్చేలోపే మీటల దగ్గరి పిల్ల ఓడను కాస్త తగ్గించి చోక్‌ను పైకి తెచ్చింది. పిల్లలు కొత్త నడకలోకి ఎక్కేశారు. కుడి జట్టు మాత్రం చోక్ లాగిన వైపు పైకి పాకింది, ఈసారి జారుడు ఎదురు దిక్కున.

డిసెంబరు, మొదటి వారం

రాతకు ఒక పేజీ కలిపాను. దాని తలమీద ‘జనరేటర్ పేజీ’ అని ఉంది. కరెంటు పోతే కుడి జట్టు ఊపిరి మార్చుకుంటూ షడ్జం పట్టుకుని ఉండాలి, చోక్ మళ్లీ మోగేదాకా ఎవరూ మాటలు అందుకోకూడదు. మోగాక ఎడమ జట్టు ముగ్గురూ తమ స్వరాన్ని కొత్త మోత దగ్గర వెతుక్కోవాలి, 208 దగ్గర. అంటే మామూలు చోటుకంటే అర మెట్టుకు పైనే. మీటల వరుసలో ఓడకూ చోక్‌కూ విడివిడిగా బాణం గుర్తులు గీశాను. వార్షికోత్సవం రోజు కరెంటు పోకపోతే ఈ పేజీ వాడం. ఎలక్ట్రీషియన్ గారు మాత్రం కావాలంటే మెయిన్ దించేస్తానని హుషారుగా ఉన్నారు. వద్దన్నాను, ఇంకా ఆలోచిస్తున్నాను.

మాకు కేటాయించింది ఎనిమిది నిమిషాలని ఇవాళే తేలింది. మా రచన తొమ్మిదికి పైనే. గూడ్సు బండి పోవాలి. దాన్ని రాత్రిలోకి జరిపిన పిల్లకు రేపు చెప్పాలి. దానికి బదులు ఆమెకు చోక్ జట్టులో చోటిస్తాను, గొంతులో కంపన లేదు.

మిగిలిన పనులు: పీజో బిళ్ల తీగ రెండోచోట తెగేలా ఉంది, మళ్లీ టంకం వేయించాలి. నాప బండ ముక్కను పెట్టెకు రబ్బరు పట్టీతో కట్టాలి, లేకపోతే వేదిక మీద ఎవరో చెత్త అనుకుని తీసేస్తారు. శనివారం హాలు మాది, ఆ రోజు జనరేటర్ మీద మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పాడించాలి.